మంట లేని రోజు

ఫిబ్రవరి 12

నిన్న చాచక్‌లో ఒక పసిబిడ్డ జ్ఞానస్నానం విందుకి ఊదాం. రెండో కోలో, గుండ్రంగా ఆడే నాట్యం పాట, మధ్యలో నా కుడిచేతి ఉంగరపు వేలు మీట మీదే బిగుసుకుపోయింది. కొంకి తిరిగి, రాయిలా అయింది. పైకి రాదు, కిందికి పోదు. దగ్గు వచ్చినట్టు నటించి బాకా దించేశాను. రెండో బాకా నా తమ్ముడు ఓబ్రాద్‌ది. వాడు వెంటనే పాట అందుకున్నాడు. చేతులు పట్టుకుని గుండ్రంగా ఆడుతున్న జనం ఆడుతూనే ఉన్నారు. ఎవరికీ ఏమీ తెలియలేదు.

తిరిగొస్తుంటే వ్యానులో వాడు అడిగాడు.

"వేలికేమైంది అన్నయ్యా?"

"వేలికా? ఏం కాలేదు. దగ్గొచ్చింది."

"దగ్గు వేలికొచ్చిందా?"

పెద్ద డోలు వాయించే రాదొవాన్ పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను.

చలికి అలా అవుతుంది. ఇత్తడి చల్లగా ఉంటుంది కదా.

ఫిబ్రవరి 13

కడుపు మంట మాత్ర వేసుకుని, అరగంట ఆగి టీ తాగాను. మంట లేదు.

ఫిబ్రవరి 21

ఎడమ కనురెప్ప రోజంతా కొట్టుకుంటూనే ఉంది. పడుకుంటే పిక్కలు పట్టేస్తున్నాయి. పట్టేసినప్పుడు లేచి నిలబడాలి. నేను లేస్తే దెసాంకాకి మెలకువ వస్తుంది. అసలే ఆమెకి మా మంచం మీద నిద్ర సరిగా పట్టదు. నా కడుపులో పులుపు పైకి ఎగదన్నకుండా మంచానికి తలవైపు కొయ్య దిమ్మలు పెట్టాం. ఇద్దరం కిందికి జారుతూ ఉంటాం. "నీతో కాపురం కొండవాలు మీద కాపురమే" అంటుంది. మొదట్లో నవ్వుతూ అనేది.

ఈ మాత్ర రెండు నెలలు వాడమని రాసిచ్చారు. అప్పుడు మా అమ్మాయి యాగొదా బడికి వెళ్ళేది. ఇప్పుడు దానికి పెళ్ళీడొచ్చింది. మధ్యలో ఎవరూ ఆపమనలేదు. నేనూ అడగలేదు. పొద్దున్నే ముఖం కడుక్కున్నట్టు మాత్ర వేసుకోవడం. అది వేసుకుంటే మనిషిని, వేసుకోకపోతే పొయ్యిని.

మార్చి 9

యాగొదా తను పెళ్ళాడతానన్న కుర్రాణ్ణి తీసుకొచ్చింది. పేరు రేల్యా. ఉజిత్సె వైపు వాడు, బస్సు డిపోలో దీనితో కలిసి పనిచేస్తాడు. నెమ్మదైనవాడు. పెళ్ళి జూలైలో అనుకున్నాం. దెసాంకా ఏడ్చింది, నవ్వింది, పొగబెట్టిన మాంసం మొత్తం కోసి పెట్టింది. నేను రొట్టె, ఉడికించిన బంగాళాదుంప తిన్నాను. కాబోయే అల్లుడు నా పళ్ళెం వైపు చూసి, చూడనట్టు తల తిప్పుకున్నాడు.

పెళ్ళికూతురు గడప దాటేటప్పుడు ఊదే నెమ్మది పాట నేనే ఊదుతానన్నాను. మా చెల్లెలు అత్తారింటికి వెళ్ళినప్పుడు మా నాన్న ఊదాడు. ఆయనకి ముందు వాళ్ళ నాన్న.

"నాన్నా, ఆ రోజు నువ్వు బ్యాండువాడివి కాదు, పెళ్ళికూతురి తండ్రివి" అంది యాగొదా. "ఓబ్రాద్ బాబాయి ఊదుతాడులే. నువ్వు నా పక్కన ఉండు."

"నీ పక్కనే కదే ఉంటాను! గడప ముందే నిలబడి ఊదుతాను."

"అది పక్కన ఉండటం ఎలా అవుతుంది?"

పిల్లకి నా ఆరోగ్యం గురించి బెంగ. అందుకే అలా అంటోంది. లోపల మాత్రం నేను ఊదాలనే దాని కోరిక. ఎవరికి ఉండదు?

మార్చి 10

వాళ్ళు వెళ్ళాక బాకా తీశాను. ఆ నెమ్మది పాటలో మూడో మీట మీద ఒక సుదీర్ఘమైన స్వరం ఉంది. రెండు వేళ్ళు ఒకేసారి కొంకి తిరిగాయి. ఎడమచేత్తో ఒక్కొక్క వేలూ లాగి విప్పుకోవాల్సి వచ్చింది.

చలి తగ్గింది. ఇవాళ ఎండ కూడా కాసింది.

మార్చి 19

చాచక్ వెళ్ళి డాక్టర్ ఒల్గిత్సాకి చూపించుకున్నాను. కిందటి వారం రక్తం తీశారు. ఆ కాగితం చూసి ఆమె కళ్ళజోడు తీసింది.

"మీ ఒంట్లో మెగ్నీషియం బాగా పడిపోయింది. వేళ్ళు, పిక్కలు పట్టేయడం, రెప్ప కొట్టుకోవడం అన్నీ అందువల్లే. కడుపు మాత్ర ఏళ్ళ తరబడి వాడితే కొందరికి ఇలా అవుతుంది."

"అంటే ఇదంతా మాత్ర వల్లేనా?"

"మాత్ర వల్లే. కానీ మీరు దాన్ని ఒక్కసారిగా మానకూడదు. మెల్లగా తగ్గిద్దాం, వేరే రకానికి మారుద్దాం. ముందు ఎండోస్కోపీ చేసి అన్నవాహిక ఎలా ఉందో చూడాలి. మీరు బాకా ఊదేవాళ్ళు. ఊదిన ప్రతిసారీ కడుపు మీద అంత ఒత్తిడి పెడుతూ మందే లేకుండా ఉండటం కుదరదు. అసలు ఊదడం..."

"డాక్టరమ్మా, జూలైలో మా అమ్మాయి పెళ్ళి."

"శుభం. అయితే ఎండోస్కోపీ ఈ నెలలోనే చేయించుకోండి."

దెసాంకాతో బలం మాత్రలు ఇచ్చిందని చెప్పాను. అబద్ధం కాదు. మెగ్నీషియం కూడా ఇచ్చింది.

మార్చి 20

మాత్ర వల్లే అని డాక్టరమ్మే స్వయంగా అంది. ఇన్నాళ్ళూ నా వేళ్ళని నేనే తినేస్తూ వచ్చానన్నమాట, రోజుకొకటి చొప్పున, పరగడుపున.

ఎండోస్కోపీకి పేరు రాయించలేదు. గొంతులోంచి గొట్టం దింపుతారట. ఆ గొంతుతో మళ్ళీ ఊదాలి కదా. పెళ్ళయ్యాక చూసుకోవచ్చు.

మార్చి 25

మాత్ర మానేశాను. మెల్లగా తగ్గించడానికి టైమెక్కడుంది?

మార్చి 26

మంట లేదు.

మార్చి 27

మంట లేదు. ఇన్నేళ్ళూ ఊరికే వేసుకున్నానా?

మార్చి 28

పొద్దున కొద్దిగా. నిన్న రాత్రి సూపులో ఉల్లిపాయ పడింది, దానివల్లే.

ఏప్రిల్ 3

ఉల్లిపాయ వల్ల కాదు.

రొమ్ము ఎముక వెనక ఎవరో కొలిమి ఊదుతున్నట్టుంది. వంగి బూటు తాడు కట్టుకుంటే గొంతు దాకా వస్తుంది. నీళ్ళు తాగితే వస్తుంది, తాగకపోతే వస్తుంది. తేన్పు వస్తే నోట్లో పుల్లటి చేదు, పళ్ళు జివ్వుమంటాయి. వంటింట్లో కుర్చీలో కూర్చుని నిద్రపోతున్నాను. నా పిక్కల గోల లేకుండా తను హాయిగా పడుకుంటుందని దెసాంకాకి చెప్పాను.

పిక్కలు పట్టడం లేదు. అది చెప్పలేదు.

ఏప్రిల్ 14

వేళ్ళు! ఇవాళ మా ప్లమ్ పళ్ళ తోటలోకి వెళ్ళి ఊదాను. పూత పూసి చెట్లన్నీ తెల్లగా ఉన్నాయి. వేళ్ళు పాతికేళ్ళవాడి వేళ్ళలా ఆడాయి. ఒక్కటీ బిగుసుకోలేదు. కోలోలు, నెమ్మది పాట, మా నాన్న పాటలు, మర్చిపోయాననుకున్నవి కూడా వచ్చాయి. పక్క తోటలో చెట్లకి మందు కొడుతున్న ముసలి స్తామెనా పంపు దింపి నిలబడి విన్నది.

"మిలెంతియా, ఎవరు చచ్చారోయ్, ఇంత బాగా ఊదుతున్నావు?"

"ఎవరూ చావలేదు, నా కూతురి పెళ్ళి!"

"రెండూ ఒకేలా ఊదుతావు కదా నువ్వు" అని మళ్ళీ పంపు ఎత్తుకుంది.

ఆ తర్వాత చెట్టుకి ఆనుకుని కక్కుకున్నాను. అంతా అయ్యాకే. ఊదుతున్నప్పుడు రాలేదు. అది ముఖ్యం.

ఏప్రిల్ 22

బరువు తగ్గాను. చొక్కా కాలరులో రెండు వేళ్ళు దూరుతున్నాయి. గొంతు బొంగురుపోయింది, ఫోనులో యాగొదా నన్ను ఓబ్రాద్ అనుకుంది.

ఇవాళ దెసాంకా నా దగ్గరికొచ్చి, వాసన చూసి, వెనక్కి జరిగింది. పనిగట్టుకుని జరగలేదు. తనకే తెలియకుండా జరిగింది.

"నోరు పుల్లటి వాసన వస్తోంది. మాత్ర వేసుకుంటున్నావా?"

"వేసుకుంటున్నా."

"నా కళ్ళలోకి చూసి చెప్పు."

"వేసుకుంటున్నానంటున్నా కదా! నేనేమన్నా పసిపిల్లాడినా?"

"పసిపిల్లాడైతే నోరు తెరిచి చూసేదాన్ని" అంది. పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. చాలాసేపు ఒకే గిన్నె తోముతూ ఉంది.

మే 6

సెయింట్ జార్జి రోజు. మా ఇంటి పునీతుడి పండుగ. మా నాన్న పోయాక ఓబ్రాద్ ఇంట్లో చేస్తున్నాం. బల్ల నిండా వేయించిన పంది, మీగడ, మిరపకాయలు, క్యాబేజీ. అందరి చేతుల్లో ప్లమ్ పళ్ళ సారా. నేను గ్లాసు పెదవులకి ఆనించి దించేస్తున్నాను. రాదొవాన్ కనిపెట్టేశాడు.

"అరే, మన మిలెంతియా తాగట్లేదు, తినట్లేదు, పొద్దున్నే వాంతులట, కూర్చుని నిద్రపోతాడట! ఎన్నో నెలరా నీకు?"

బల్ల చుట్టూ అందరూ గొల్లున నవ్వారు. మా పిన్ని బిజెనియా కళ్ళు తుడుచుకుంటూ, "మగపిల్లాడే, మొహం చూస్తే తెలుస్తోంది" అంది. ఎవరో నా పొట్ట తట్టారు. నాకూ నవ్వొచ్చింది. నిజంగానే వచ్చింది. ఇలాంటి జబ్బుకి ఎవరేం చేస్తారు? కాలు విరిగితే కట్టు కనబడుతుంది. నాది కడుపులో మంట. అందరికీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదే. సోడా తాగితే పోయేదే.

ఆ నవ్వులోనే గ్లాసు ఎత్తి తాగేశాను. చప్పట్లు కొట్టారు. ఇంకొకటి పోశారు.

మే 7

రాయలేను.

మే 9

రొట్టె గొంతులో దిగడం లేదు. రొమ్ము మధ్యలో ఆగుతుంది. నీళ్ళు తాగి తోయాలి. మెత్తగా నానబెట్టుకుంటే దిగుతుంది. కాబట్టి పర్వాలేదు.

మే 30

ఆకలి అవుతుంది కానీ తినాలంటే భయం. తిన్నది ఎప్పుడు తిరిగొస్తుందో అని కుక్కలా చెవులు రిక్కించి కూర్చుంటాను. ఇంట్లో వాళ్ళు ఏం మాట్లాడుతున్నారో సగం వినబడదు. వింటున్నది ఇక్కడ, ఎముక వెనక.

మళ్ళీ మాత్ర మొదలుపెడితే? వారంలో మనిషినవుతాను. వేళ్ళు పోతాయి. పెళ్ళి దాకా ఆగాలి. పెళ్ళి అయిపోయిన మర్నాడు పొద్దున్నే వేసుకుంటాను.

జూన్ 18

ఓబ్రాద్ తోటలోకి వచ్చాడు. నేను ఊదుతుంటే వెనక నిలబడి విన్నాడట. ఆ తర్వాత జరిగింది కూడా చూశాడట.

"అన్నయ్యా, ఏం చేసుకుంటున్నావు నువ్వు?"

"ప్రాక్టీసు."

"నెత్తురు కనబడింది నాకు."

"చెర్రీపళ్ళు తిన్నా."

"చెర్రీపళ్ళు తింటే నీకు మంట కదా, ఎందుకు తిన్నావు?" అన్నాడు. వాడు గడ్డిలో కూర్చున్నాడు. "ఆ ఒక్క పాటా నేనూదుతాను. నువ్వు పిల్ల పక్కన నిలబడు. అదీ అదే అడుగుతోంది. నాకు ఫోన్ చేసి ఏడ్చింది."

"ఎన్నాళ్ళుగా చూస్తున్నావురా నా చోటు కోసం?"

వాడు తెల్లబోయాడు. చిన్నప్పుడు మా నాన్న కొట్టినప్పుడు పెట్టేవాడు ఆ మొహం.

"నీ చోటా? అన్నయ్యా, నేను రెండో బాకాకే పుట్టాను. నాకు ఆ సంగతి నీకన్నా బాగా తెలుసు."

"అయితే రెండో బాకా ఊదుకో."

వెళ్ళిపోయాడు. టోపీ గడ్డిలోనే మర్చిపోయాడు. నేను పిలవలేదు.

జూన్ 19

వాడు దెసాంకాకి చెప్పలేదు. చెప్తాడనుకున్నాను. చెప్తే బాగుండేదేమో.

జూలై 4

వేళ్ళు బాగున్నాయి. పెళ్ళి వారంలోకి వచ్చింది. మంట లేదు.

(ఉంది.)

జూలై 10

రేపే. యాగొదా తన పాత గదిలో పడుకుంది. గుమ్మం దగ్గర నిలబడి చూశాను. తెల్లగౌను తలుపుకి వేలాడుతోంది. నన్ను చూసి మంచం మీద జరిగి చోటిచ్చింది, చిన్నప్పటిలా. కూర్చున్నాను. పడుకోలేను కదా.

"నాన్నా, రేపు నాకు భయంగా ఉంటుంది."

"దేనికే?"

"ఊరికే. అందరూ చూస్తారు. నువ్వు నా చెయ్యి పట్టుకుంటావా?"

"నేను ఊదుతుంటే నీకు భయమే తెలియదు, చూడు."

దుప్పటి గడ్డం దాకా లాక్కుంది. తర్వాత "సరే నాన్నా" అంది.

సరే అంది. అదే కదా చివరికి కావలసింది.

జూలై 15, ఆసుపత్రి

రాయవచ్చన్నారు, మాట్లాడకూడదన్నారు. కాగితం, పెన్ను దెసాంకా తెచ్చింది. ఆమె బయటికి వెళ్ళాక రాస్తున్నాను.

పొద్దున ఏమీ తినలేదు. సోడా ఉప్పు నీళ్ళు తాగాను. పెళ్ళికొడుకు తరఫువాళ్ళు కార్ల హారన్లు కొట్టుకుంటూ వచ్చారు. గేటు దగ్గర ఎదురెళ్ళి సారా ఇవ్వాలి. రేల్యా తండ్రి నాతో గ్లాసు తాకించి, నేను తాగేదాకా నా మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. మంచి మనిషి, అది మర్యాద. తాగాను. తర్వాత వాళ్ళ మేనమామతో. తర్వాత పెళ్ళి పెద్దతో.

తలుపు తెరుచుకుంది. యాగొదా గడప మీదికి వచ్చింది. ఒక్కతే. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు గౌను కుచ్చిళ్ళు పట్టుకుంది. నేను ఊదాను.

ఎంత బాగా వచ్చిందో రాయకుండా ఉండలేను. మా నాన్న కూడా అలా ఊదలేదు. వాకిట్లో పిట్ట కూడా కూయలేదు. మూడో మీట మీద ఆ సుదీర్ఘమైన స్వరం పట్టాను. వేలు స్థిరంగా ఉంది. ఊపిరి ఉంది. దాన్ని ఇంకా సాగదీయాలనిపించింది. సాగదీశాను.

అప్పుడు కింది నుంచి లేచింది. ఊదడం ఆపితే సరిపోయేది. ఆపలేదు. గొంతు నిండి, గాలి కోసం లాగితే అది గాలిగొట్టంలోకి పోయింది. గొంతు మూసుకుపోయింది. తలుపు వేసేసినట్టు. గాలి లోపలికి రాదు, అరుపు బయటికి పోదు. బాకా రాళ్ళ మీద పడ్డ చప్పుడు వినబడింది. తర్వాత మోకాళ్ళ మీద ఉన్నాను. తర్వాత తెల్లగుడ్డ. యాగొదా నా ముందు మోకరిల్లి నా మొహం పట్టుకుని "నాన్నా, పీల్చు, పీల్చు" అని అరుస్తోంది. నేను దాని గౌను మీద కక్కాను. నల్లగా, కాఫీ పొడిలా.

అంబులెన్సులో నా పక్కన కూర్చుని వచ్చింది. ఆ గౌనులోనే. అంత దూరం నా చెయ్యి వదల్లేదు.

మా అమ్మాయి పుట్టింటి గడప దాటి నా దగ్గరికి పరుగెత్తినప్పుడు సంగీతం లేదు. ఓబ్రాద్ చేతిలో బాకా ఉంది కానీ వాడు ఊదలేదట. మరెవరూ ఊదలేదట.

జూలై 17

దెసాంకా చెప్పింది: నిన్న మున్సిపాలిటీ ఆఫీసులో సంతకాలు పెట్టి పెళ్ళి చేసుకున్నారు. చర్చిలో తర్వాత చూసుకుంటారట. యాగొదా ఆకుపచ్చ గౌను వేసుకుందట.

"నేను మాత్ర మానేసిన సంగతి నీకు ఎప్పటినుంచి తెలుసు?" అని కాగితం మీద రాసి చూపించాను.

"ఏప్రిల్ నుంచి" అంది.

"ఎందుకు ఊరుకున్నావు?"

కిటికీ వైపు తిరిగింది. "నువ్వు అలా ఊదుతుంటే విన్నాను కదా తోటలోంచి. మన పెళ్ళైన కొత్తలో ఊదినట్టు ఊదావు. ఆపమనడానికి నోరు రాలేదు" అంది. "నేనూ తప్పు చేశాను, మిలెంతియా. ఇద్దరం కలిసి చేశాం."

ఆమె ఏడుస్తుంటే నేను మాట్లాడలేకపోయాను. మాట్లాడకూడదన్నారు కాబట్టి. వాళ్ళు వద్దనకపోయినా ఏం అనేవాణ్ణి?

జూలై 20

డాక్టర్ ఒల్గిత్సా వచ్చి మంచం పక్కన కూర్చుంది. తిట్టలేదు. తిడితే బాగుండేది. అన్నవాహిక కింది భాగం పుండ్లు పడి ఇరుకైందట. లోపలి పొర కొంత మారిందట. ఆ మార్పు చెడ్డ దారి పట్టకుండా ఏడాదికోసారి గొట్టం వేసి చూస్తూ ఉండాలట.

"రోజుకి రెండు మాత్రలు. మెగ్నీషియం కూడా. అది ఒంట్లో తగ్గినప్పుడల్లా ఇక్కడికొచ్చి సెలైనులో ఎక్కించుకోవాలి. వేళ్ళు మళ్ళీ కొంత పట్టేస్తాయి. కొందరికి ఆపరేషన్ చేస్తాం, మీ పరిస్థితిలో ఇప్పుడే కుదరదు."

"ఎప్పటిదాకా?" బొంగురుగానైనా గొంతు వచ్చింది.

"మాత్రలా? ఎప్పటికీ."

"బాకా?"

ఆమె నా వైపు చూసింది. "మీకు తెలుసు కదా" అంది.

ఆగస్టు 2

ఇల్లు. మాత్ర. అరగంట. సూపు. మాత్ర. అరగంట. సూపు.

ఆగస్టు 11

మంట లేదు. నిజంగానే లేదు. ఈ వాక్యం కోసం ఎన్ని అబద్ధాలు రాశానో. ఇప్పుడు నిజమైంది, కానీ దీనితో ఏం చేసుకోను?

ఆగస్టు 12

మంట లేదు. ఉంగరపు వేలు కొంకి తిరిగింది. చెంచా పట్టుకున్నప్పుడు.

ఆగస్టు 24

బ్యాండు వ్యాను మా ఇంటి ముందు నుంచే వెళ్తుంది, వేరే దారి లేదు. ఇవాళ గేటు దగ్గరికొచ్చేసరికి ఓబ్రాద్ వేగం తగ్గించాడు. నేను కిటికీ నుంచి పక్కకి తప్పుకున్నాను. కాసేపు ఇంజను చప్పుడు అలాగే ఉంది. తర్వాత వెళ్ళిపోయింది.

మొదటి బాకాగా ఎవర్నీ తీసుకోలేదట. వాడే ఊదుతున్నాడట. బాగా ఊదడం లేదని రాదొవాన్ అన్నాడు, నన్ను సంతోషపెట్టడానికి. సంతోషం కలగలేదు. కలగలేదని నన్ను నేను మెచ్చుకున్నాను, ఆ మెచ్చుకోలు చూసి అసహ్యం వేసింది.

సెప్టెంబరు 8

మధ్యాహ్నం దాకా మంచం దిగలేదు. దిమ్మల మీద ఏటవాలుగా పడుకుని కప్పు చూస్తూ ఉన్నాను. ఈ ఒంట్లో ఇంకా ఎంతకాలం ఉండాలి? బయటికి పోయే దారి ఉన్న ఇల్లయితే తాళం వేసి వెళ్ళిపోయేవాణ్ణి.

దెసాంకా పరుపు పక్కన కూర్చుని చిక్కుళ్ళు ఒలిచింది. ఒలవడం అయిపోయాక కూడా కూర్చుంది.

సెప్టెంబరు 21

యాగొదా వచ్చింది. పెళ్ళి తర్వాత ఇద్దరమే కూర్చోవడం ఇదే మొదలు. క్షమించమందామని మాటలన్నీ కూడబెట్టుకున్నాను. అదే ముందు మాట్లాడింది.

"నాకు కోపమొచ్చింది నాన్నా. గౌను పాడైనందుకు కాదు. పెళ్ళి ఆగినందుకూ కాదు."

"మరి?"

"తలుపు తెరవగానే చుట్టూ చూశాను. అందరూ ఉన్నారు. నువ్వు కళ్ళు మూసుకుని ఉన్నావు. నువ్వు ఊదేటప్పుడు ఎప్పుడూ కళ్ళు మూసుకుంటావు. నేను బయటికి రావడం నువ్వు చూడనే లేదు."

చూశాను అనబోయాను. గడప మీద ఒక్కతే నిలబడటం చూశాను, కుచ్చిళ్ళు పట్టుకోవడం చూశాను. ఆ తర్వాత? ఆ తర్వాత లేదు. ఆ తర్వాత అంతా ఆ స్వరమే.

"చాలా బాగా ఊదావట" అంది లేస్తూ. "రేల్యా అన్నాడు. నాకు గుర్తులేదు."

వెళ్ళేటప్పుడు నా నుదుటి మీద ముద్దు పెట్టింది. గేటు దాకా వెళ్ళి, వెనక్కి చూడకుండా చెయ్యి ఊపింది.

సెప్టెంబరు 22

మాత్ర వేసుకున్నాను.

అక్టోబరు 5

ఓబ్రాద్ ఇంటికి నేనే వెళ్ళాను. గుమ్మంలో నిలబడి బూట్ల మట్టి దులుపుకున్నాను. వాడే, "లోపలికి రా, చలి" అన్నాడు. వాడి భార్య టీ ఇచ్చింది. బాకా వాడి ఒళ్ళో ఉంది, మీటలకి నూనె వేస్తున్నాడు.

"ఆ నెమ్మది పాటలో నాకు ఊపిరి చాలడం లేదు అన్నయ్యా. ఎక్కడ పీల్చాలి?"

"రెండో విరుపు తర్వాత. అక్కడ ఎవరికీ వినబడదు."

"నువ్వు అక్కడ పీల్చేవాడివా?"

"నేను ఎక్కడా పీల్చేవాణ్ణి కాదు."

వాడు తల ఊపాడు. ఊది చూపించలేదు, నేనూ అడగలేదు. తోటలో అన్న మాట ఇద్దరి మధ్యా బల్ల మీద ఉన్నట్టే ఉంది. ఎవరం దాన్ని ముట్టుకోలేదు.

అక్టోబరు 19

నిన్న రాదొవాన్ కొడుకు పెళ్ళి. రానన్నాను. "ఇంట్లో కూర్చుంటే తగ్గుతుందా? పద" అని దెసాంకా నా కోటు తెచ్చి చేతికిచ్చింది.

పెళ్ళికి వెళ్ళి బల్ల దగ్గర కూర్చోవడం నాకు తెలియదు. ఎప్పుడూ నిలబడేవాణ్ణి, బల్లల వైపు మొహం పెట్టి. కూర్చుంటే అంతా వేరుగా ఉంది. మోచేతులు తగులుతాయి. ముందు బల్లవాళ్ళ వీపులు తప్ప ఏమీ కనబడవు. నా పళ్ళెంలో ఉడికించిన దుంప, చప్పటి కోడిమాంసం. పక్కవాళ్ళు పాపం నా వైపు సారా జరపలేదు. ఆ జరపకపోవడం రాదొవాన్ వెక్కిరింతకన్నా ఎక్కువ గుచ్చుకుంది.

ఓబ్రాద్ ఊదాడు. స్వరం సన్నగా ఉంది, అంచు తెగుతూ. ఎవరికీ పట్టలేదు. ఎవరూ నా వైపు తిరిగి చూడలేదు. నేను లేకపోతే ఏదో ఆగిపోతుందని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఏమీ ఆగలేదు. బల్లలు జరిపేసి కోలో కట్టారు.

దెసాంకా లేచింది. ఆమె ఆడుతుందని నాకు తెలుసు, దూరం నుంచి ఎప్పుడూ చూసేవాణ్ణి. చూసేవాణ్ణా? కళ్ళు మూసుకునే ఉండేవాణ్ణి కదా. వరుసలో ఇటువైపు ముసలి స్తామెనా, అటువైపు ఎవరి మొగుడో ఆమెకి చోటిచ్చారు. ఆమె వాళ్ళ దగ్గరికి వెళ్ళలేదు. నా ముందు నిలబడి చెయ్యి చాపింది.

"నాకు రాదు" అన్నాను.

"లే."

"దెసాంకా, నిజంగా రాదు. అడుగులు తెలియవు నాకు."

"ఇన్నేళ్ళు జనాన్ని ఆడించావు, అడుగులు తెలియవా?"

"తెలియవు."

నవ్వింది. ఆసుపత్రి తర్వాత ఆమె నవ్వడం ఇదే మొదలు. చెయ్యి పట్టుకుని లాగింది. వరుసలో ఇద్దరి మధ్య చోటు చేసింది. నేను తప్పు అడుగు వేశాను, పక్కవాడి బూటు తొక్కాను, వాడు "ఏయ్, మాస్టారూ!" అని అరిచాడు, అందరూ నవ్వారు. దెసాంకా చెవి దగ్గర లెక్క చెబుతూ ఉంది. కుడి, కుడి, వెనక్కి. కుడి, కుడి, వెనక్కి. మా పెళ్ళైన ఇన్నేళ్ళలో మేమిద్దరం కలిసి ఆడటం ఇదే మొదటిసారి. మా పెళ్ళిలో కూడా నేను ఊదుతూనే ఉన్నాను.

మూడో చుట్టులో కింది నుంచి మంట లేచింది. రెండు మాత్రలు దాటుకుని, మెల్లగా, తెలిసిన మనిషిలా. మంటని మింగేశాను.

"బాగుందా?" అంది ఆమె. చెమట పట్టి మొహం మెరుస్తోంది.

"బాగుంది" అన్నాను.